రంగు పట్టని గోడ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ మన రక్షకుని నామంలో సలోమి చెప్పే వందనాలు. మన సంఘ పత్రికకు ఒక సాక్ష్యం రాసివ్వమ్మా అని పాస్టరుగారు అడిగినప్పుడు నాకు మొదట కలిగిన ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతున్నాను. ఇంతమంది విశ్వాసులుండగా నన్నే ఎందుకు అడుగుతున్నారు, దీని వెనక ఏముంది, నా గురించి ఆయనకు ఎవరు ఏం చెప్పారు అని! దేవుడు నన్ను దేని నుంచి విడిపించాడో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కొందరిని ఆయన తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని మంచం మీద నుంచి లేపాడు, నన్ను మాత్రం అనుమానం అనే రోగం నుంచి లేపాడు, అది ఏ డాక్టరు స్కానింగులోనూ కనబడదు, ఉన్నవాళ్ళకు అది రోగమని కూడా తెలియదు, తెలివి అనుకుంటారు! నేనూ అలాగే అనుకున్నాను.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను, నేను బళ్ళారిలో గోడల మీద బొమ్మలు వేస్తాను, గ్రాఫిటీ అంటారు, స్ప్రే డబ్బాలతో వేసే పని. చిన్నప్పుడు సండే స్కూలు పిల్లలందరినీ సంగనకల్లు గుట్టకు తీసుకుపోయారు, అక్కడ బండల మీద ఏ కాలం వాళ్ళో, పేరూ ఊరూ తెలియనివాళ్ళు రాయితో రాయిని కొట్టి గీసిన మూపురాల ఎద్దులున్నాయి, పిల్లలంతా చిత్రాన్నం తింటుంటే నేను ఆ ఎద్దుల కొమ్ముల వెంబడి వేలు తిప్పుకుంటూ కూర్చున్నాను. ఖాళీ బండ కనబడితే ఊరుకోలేనివాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట అని నా పసిమనసుకు ఎంత సంతోషమో! పీయూసీ అయ్యాక అంగళ్ళ షట్టర్ల మీద పేర్లు రాశాను, జీన్సు అంగళ్ళ గోడల మీద ప్యాంట్లు వేశాను, సిమెంటు ప్రకటనలు వేశాను, ఫోనులో వీడియోలు చూసి స్ప్రే పట్టడం నేర్చుకున్నాను, బెంగళూరులో పెద్ద పెద్ద గోడలు వేసేవాళ్ళ దగ్గర నిచ్చెన పట్టుకునే పనికి కూడా పోయాను. అక్కడే కావేరి పరిచయమైంది. అదీ మన బళ్ళారి పిల్లే, చిత్రకళ చదువుకుంది, నాకంటే చిన్నది, నాకంటే పొడుగు, గీత గీస్తే చేయి వణకదు. ఇద్దరం కలిసి ఊరికి తిరిగొచ్చి జంటగా పని మొదలుపెట్టాం.

అలా ఉండగా దేవుడు నాకొక గోడ ఇచ్చాడు! మార్కెట్టు వెనక పత్తి గోదాము గోడ, వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉంటుంది. గోదాము సావుకారు మంచివాడే కానీ మాట మాత్రం కచ్చితం, నీ ఇష్టం వచ్చింది వెయ్యి, వానలు పడేలోగా ముగించు, బాగుంటే వీధిలో ఉన్న నా గోడలన్నీ నీకే, బాగాలేకపోతే సున్నం కొట్టించేస్తాను అన్నాడు. ఇన్నేళ్ళూ ఇంకొకరి సరుకు బొమ్మలు వేసినదాన్ని, మొదటిసారి నా సొంత బొమ్మ, సంగనకల్లు ఎద్దులు, ఏనుగంత ఎత్తున! ఈ గోడ పోతే నేను మళ్ళీ సిమెంటు బస్తాల దగ్గరికే పోవాలి. అందుకే ఆ గోడను పసిబిడ్డను కాపాడుకున్నట్టు కాపాడుకున్నాను, అపవాది అక్కడే నన్ను పట్టుకున్నాడు సహోదరులారా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పెద్ద గోడ మీద కొలతలు తప్పకుండా ఉండాలంటే ముందు గోడంతా పిచ్చిగీతలు గీస్తాం, ఇక్కడొక సున్న, అక్కడొక ఇంటూ గుర్తు, ఒక బాణం, ఒక అంకె, తర్వాత దాన్ని ఫోటో తీసి, ఫోనులో మన బొమ్మను దాని మీద పరిచి చూసుకుంటాం, ఎద్దు కన్ను ఏ సున్న పక్కన రావాలో, కొమ్ము ఏ బాణం దగ్గర తిరగాలో తెలిసిపోతుంది. మేము ఎర్ర రంగుతో ఆ గుర్తులు పెట్టగానే వీధి వీధంతా బయటికొచ్చింది. "ఏంది మేడం, రోడ్డు వెడల్పు చేసేకి మా ఇండ్లు కొడ్తారా? గుర్తులు పెట్టేకి వచ్చినారా?" అని ఒకాయన. ఇంటూ గుర్తులు చూసి ఇది చేతబడి అని ఇంకొకామె. బొమ్మ కొంచెం కనబడ్డాక మన సంఘంలోనే ఒక పెద్దాయన, ఎద్దు ఎందుకమ్మా, విశ్వాసివి నువ్వు, పూలు వేయరాదా అని నా ముఖంలోకి అదో రకంగా చూశారు. నవ్వి వదిలేయాల్సిన మాటలే ఇవన్నీ. నేను వదల్లేదు. అందరూ నన్ను అనుమానిస్తుంటే నేను మాత్రం అందరినీ ఎందుకు నమ్మాలి అని ఆ రోజే నా మనసులో తలుపు వేసుకున్నాను.

కొన్నాళ్ళకు గోడ మీద రంగు పట్టని చోట్లు కనబడ్డాయి! ఎద్దు కాళ్ళ దగ్గర అరచేయంత మేర రంగు నిలబడదు, చుక్కలు చుక్కలుగా విరిగిపోతుంది, ఆరినా పొరలాగా ఊడొస్తుంది. ఒకటి సరిచేస్తే రెండు రోజులకు దాని పక్కన ఇంకొకటి, అన్నీ ఒకే వరసలో, నా భుజమంత ఎత్తులో. వేలితో తడిమితే జిడ్డు. నూనె! గోడకు ఎవరో కావాలనే నూనె పూస్తున్నారు, నూనె మీద స్ప్రే నిలబడదని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? నేను, కావేరి. అంతే, నాకు ఇంకేం సాక్ష్యం కావాలి! పైగా అది తలకు నూనె పెట్టుకుంటుంది, పైగా బెంగళూరు వాళ్ళు ఈ మధ్య దానికి విడిగా ఫోను చేస్తున్నారు, పైగా నిన్న నన్ను చూసి ఫోను పెట్టేసింది. గోడకు ఎదురుగా ఉన్న టీ అంగడి ముందు నలుగురూ వింటుండగా అడిగేశాను, నా గోడ పాడైతే నీ పేరు పైకి వస్తుందనుకున్నావా అని. అది చేతిలోని డబ్బా మెల్లిగా కింద పెట్టింది. "అక్కా, నేను పూసింటే అంత కిందికి యాల పూస్తాను? నా చెయ్యి యాడికి అందుతాదో నీకు తెల్దా?" అంది. ఎంత న్యాయమైన మాట! కానీ రోగం ఉన్నవాళ్ళకు న్యాయం ఎక్కడ వినబడుతుంది, ఇంత సిద్ధంగా జవాబు చెప్పిందంటే ముందే ఆలోచించి పెట్టుకుంది అనుకున్నాను! కావేరి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

అది పోయాక కూడా జిడ్డు ఆగలేదు. అప్పుడు నా కళ్ళు ఇంట్లోకి తిరిగాయి. మా అత్తగారు దీనమ్మ, దేశనూరు అనే పల్లె మనిషి, మామగారు ప్రభువు దగ్గరికి వెళ్ళాక మా దగ్గరే ఉంటున్నారు, ఎక్కువ మాట్లాడరు. మాట్లాడనివాళ్ళంటే అనుమానపు మనిషికి ఎంత భయమో మీకు తెలియదు! ఒకరోజు తెల్లవారుతుండగా ఆమె ఒక చిన్న సీసాను కొంగున ముడి వేసుకోవడం చూశాను. యాడికి పోతాండావత్తా అంటే, "ఊరికే మే, రవ్వంత నడిచొస్తా, మోకాళ్ళు పట్టేసినాయి" అని నా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు సీసాతో నడుస్తారా? తిరిగొచ్చాక చూస్తే సీసాలో కొంత తగ్గింది. అది ఎక్కడికి పోయింది, ఎవరి కడుపులోకి పోయింది? అప్పటికే నాకు తలనొప్పులు, వాంతి వచ్చినట్టుండటం, ఉక్కపోస్తోందని మాస్కు తీసేసి స్ప్రే కొడితే ఎవరికైనా వచ్చేవే అవి, కానీ నేను రంగును అనుమానించలేదు, మా అత్త పెట్టే పప్పును అనుమానించాను. ఆమె చేతి తిండి మానేశాను. హోటల్లో తిన్నానని ఒకరోజు, ఉపవాసమని ఒకరోజు, దేవుని పేరు మీద కూడా అబద్ధమాడాను! జీన్సు ఉతికే యూనిట్లో పనిచేసి అలసిపోయి వచ్చే మా ఆయన జయరాజ్‌తో, మీ అమ్మనైనా పంపు, వేరు కాపురమైనా పెట్టు అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటమే తగ్గించేశారు. గోడ సగంలో ఉంది, స్నేహితురాలు పోయింది, ఇల్లు పగిలేటట్టు ఉంది, నా దృష్టిలో మాత్రం తప్పంతా వాళ్ళదే.

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి పోయాక నేను ఒక్కదాన్నే బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థన అనుకున్నారు! "ప్రభువా, నాకు కీడు చేసేదెవరో నా కళ్ళకు చూపించు, వాళ్ళ చేతిని నువ్వే పట్టించు, వాళ్ళను సిగ్గుపరచు" అని. నా మనసు మార్చు అని అడగలేదు సహోదరులారా, దేవుణ్ణి పోలీసును పిలిచినట్టు పిలిచాను! అయినా ఆ దయగల తండ్రి నా ప్రార్థన విన్నాడు, అడిగింది అడిగినట్టే చేశాడు.

మరునాడు తెల్లవారగానే మా అత్త సీసా కొంగున కట్టుకుని బయలుదేరితే నేను వెనకే పోయాను. ఏ మంత్రగాడి గుమ్మంలో దూరుతుందో చూద్దామని పోయాను. ఆమె కాలు ఈడ్చుకుంటూ మార్కెట్టు దాటింది, కూరగాయల బండ్లు దాటింది, గోదాము వీధిలోకి తిరిగింది. ఇంకా తెరవని టీ అంగడి పక్కన దాక్కుని చూశాను. మా అత్త నా గోడ ముందు నిలబడి, సీసా మూత తీసి, అరచేతిలో నూనె పోసుకుని, ఎద్దు కాలి మీద ఆ చేయి ఆనించి, కొంగు తలమీద వేసుకుని, గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది.

"యేసయ్యా, నా కోడలు ఇంతెత్తు నిచ్చెన ఎక్కతాది, దాని కాలు జారనీవద్దు తండ్రీ. ఎద్దులు బలే ఉండాయి, మా దేశనూరు ఎద్దుల మాదిరే ఉండాయి, ఎవురి కండ్లూ పడనీయొద్దు. ఆ పిల్ల కావేరి యాల వస్తల్యాదో, దాన్ని మళ్ళ పిల్చుకోని రా సామీ. నా కోడలు నా చేతి కూడు తింటల్యాదు, నేనేం తప్పు చేస్తినో నాకు తెల్దు, ఏమన్నా చేసింటే నన్నే సరిచెయ్యి, దాన్నేం అనొద్దయ్యా."

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చే కొబ్బరినూనె అది! వాళ్ళ ఊళ్ళో కోతకు ముందు కొడవలికి పెడతారు, ఈనే గొడ్డుకు పెడతారు, కొత్త ఇంటి ద్వారబంధానికి పెడతారు. గోడ మొదలుపెట్టిన రోజు నా నుదుటికి పెట్టబోతే, మాస్కు జారిపోతుంది, నాకు నూనె పెట్టొద్దు అని నేనే కసిరాను. నాకు పెట్టనివ్వలేదని ఆమె గోడకు పెట్టింది. నూనె మీద రంగు నిలబడదని దేశనూరు మనిషికి ఎవరు చెప్పాలి?

నేను ఆ అంగడి పక్కన మట్టిలోనే కూలబడ్డాను, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నాకు కీడు చేసే చేతిని చూపించు అంటే దేవుడు ఏ చేతిని చూపించాడో చూడండి! ఆమె నన్ను చూడలేదు, సీసా ముడి వేసుకుని, వచ్చినంత మెల్లిగా ఇంటికి వెళ్ళిపోయింది.

నేను అక్కడి నుంచి నేరుగా కావేరి ఇంటికి పోయాను. అంతా చెప్పాను, క్షమించమన్నాను. అది ముందు నోరు తెరిచింది, తర్వాత "అవ్వనా! ప్రార్థన నూనెనా!" అని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది, తర్వాత నవ్వు ఆపి, "నవ్వితినని మర్చిపోయినాననుకోవద్దక్కా. ఇంగొకసారి అనుమానమొస్తే నన్నే అడుగు, టీ అంగడి ముందర కాదు" అంది. అత్తకు నూనె పెట్టొద్దని ఎలా చెప్పాలా అని నేను తల పట్టుకుంటే అదే ఉపాయం చెప్పింది, "ఇడ్సిపెట్టక్కా, అవ్వ పెట్టనీ. అవ్వ పోయినంక మనం సోపు నీళ్ళతో కడుక్కుందాం." గోడ ముగిసేదాకా అలాగే చేశాం. మా అత్త నూనె పెట్టి పోయేది, ప్రభువును ఎరగని ఆ పిల్ల బకెట్టుతో వచ్చి మెల్లిగా తుడిచేది, ఆ తర్వాతే డబ్బాలు తీసేవాళ్ళం.

కావేరిని క్షమించమని అడిగిన ఆ రోజే మధ్యాహ్నం ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను. అత్తా, ఆకలైతాంది, రొట్టె పెట్టు అన్నాను. ఆమె వెంటనే జొన్నరొట్టె పెట్టి, గురెళ్ళ కారప్పొడి వేసి, పొయ్యి వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆ రొట్టె మింగుతుంటే నా గుండెల మీద నుంచి బండ దిగిపోయినట్టయింది. అదే నా విడుదల దినం సహోదరులారా, దేవునికే మహిమ! వానలకు ముందే గోడ ముగిసింది, ఒక్కసారి కూడా నా కాలు జారలేదు, సావుకారు సున్నం మాట ఎత్తలేదు, మిగతా గోడలు మాకే ఇచ్చాడు. మా ఆయన నాతో మళ్ళీ మాట్లాడుతున్నారు, అప్పుడప్పుడు ఎక్కువే మాట్లాడుతున్నారు!

అనుమానం ఇప్పటికీ నన్ను పలకరించడానికి వస్తుంది, రాదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చినప్పుడు నేను ఒకటే చేస్తాను, ఆ మనిషి దగ్గరికే పోయి అడుగుతాను. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఒకరి చేతి నీళ్ళు తాగకుండా, ఒకరి ముఖం చూడకుండా ఉంటే, అక్కా, అన్నా, బతిమాలుతున్నాను, ఆ మనిషి మీ గురించి దేవునితో ఏం మాట్లాడుతున్నారో మీకు తెలియదు. ఆయనకు తెలుసు. ఆయనను నమ్మండి, నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఒక్క ప్రార్థన మనవి. నేను ఆమెను అనుమానించానని మా అత్తకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు చదువు రాదు. ఈ పత్రిక ఇంటికి వచ్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివించుకుంటారు, ఒక్క ముక్క వదలనివ్వరు. ఈ నెల కూడా చదవాలి. ఈ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు నా గొంతు ఆగిపోకూడదని ప్రార్థన చేయండి.