వరుస కుదిరిన అభాండం

మొన్న మా మనవరాలి హోంవర్కు పుస్తకంలో 'ఐ లైక్ రీడింగ్, టు స్విమ్ అండ్ క్రికెట్' అన్న వాక్యం కనబడింది. ఈ వయసులో కూడా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు. దానికేం తెలుసు, పాపం! ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో 'గుడ్' అని రాసి పంపిన మహానుభావుల మీద.

ఒక వాక్యంలో నాలుగు పనులు వరసపెట్టి చెప్పేటప్పుడు నాలుగింటికీ ఒకే రూపం ఉండాలి. అక్కరలేని మాట అందులో ఉండకూడదు. ఇంతే కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? తెలుగు మాట్లాడే ఎవరికైనా ఇది ఉగ్గుపాలతో వచ్చిన సంగతే. అన్నమూ, పప్పూ, పులుసూ అంటాం. మూడు మాటల చివరా ఒకటే సాగదీత. అన్నమూ, పప్పు ఉడికించడమూ, పులుసు పెట్టినారూ అని ఎవరైనా అంటే ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదురు తడిమి చూస్తాం. మరి అదే మనిషి ఇంగ్లీషులో అట్లా రాస్తే పాండిత్యం ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అరవైల మొదట్లో సంగతి. మా ఊరు అల్లూరుకు తూర్పున. మా పొలాలు దాటితే ఉప్పునేల, అది దాటితే సముద్రం. వరి పండించుకునే ఆ ఇంట్లో హైస్కూలు మెట్టెక్కిన మొదటి ఆడపిల్లను నేను. ఎస్సెస్సెల్సీ గట్టెక్కితే టీచరు ట్రైనింగుకు పోవచ్చని నా ఆశ. మా నాయనకూ అదే కోరిక. కానీ ఇంట్లో మాట చెల్లేది మా అవ్వది, అంటే మా నాయన తల్లిది. ఒక్క తూరి పరీక్షకు పోనీ, ఆ తర్వాత మళ్ళీ బస్సెక్కే మాట ఎత్తితే ఊరుకోనని ఆమె ముందే తేల్చేసింది. కాబట్టి ఆ ఏడు నాకు పరీక్ష తప్పడం అంటే చదువుకు నీళ్ళొదలడమే.

ఆ రోజుల్లో అసలు పరీక్షకు ముందు బడివాళ్ళే సెలెక్షన్ అని ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. అందులో నెగ్గినవాళ్ళనే పెద్ద పరీక్షకు పంపేవాళ్ళు. ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో చెప్పడంలో మా ఇంగ్లీషు మాస్టరు గారి మాటే వేదం. ఇస్త్రీ మడత నలగని పంచె, దాని మీద కోటు, ఆ కోటు కంటే పొడవైన వాక్యాలు. ఆయన నోట పొట్టి వాక్యం నేను ఏనాడూ వినలేదు. తలుపు వెయ్యమని చెప్పడానికి కూడా ఆయనకు 'కైండ్లీ'తో మొదలయ్యే చాంతాడు కావలసి వచ్చేది.

ఒకరోజు మీ ఊళ్ళో రైతులు ఏమేం చేస్తారో ఇంగ్లీషులో రాయమన్నారు. నేను 'దె ప్లౌ, సో, వీడ్ అండ్ రీప్' అని రాశాను. దున్నుతారు, చల్లుతారు, కలుపు తీస్తారు, కోస్తారు. పుట్టినప్పటి నుంచీ ఇంటి ముందు చూస్తున్న పనులు, ఉన్నదున్నట్టు రాశాను. ఆయన దాన్ని అడ్డంగా కొట్టేసి, క్లాసందరికీ వినబడేట్టు చదివి నవ్వారు. ఒకే మూసలో రాయడం ఇంగ్లీషులో దరిద్రమట. ఒకచోట 'ఇంగ్' రావాలి, ఒకచోట 'టు' రావాలి, ఒకచోట పెద్ద మాట రావాలి, అదీ అందమట. తాలింపులో ఆవాలూ, మినపప్పూ, కరివేపాకూ పడినట్టు వాక్యంలో అన్నీ పడాలన్నారు. ఆ తర్వాత బోర్డు మీద తన వాక్యం రాశారు. 'దె ఆర్ డూయింగ్ ప్లౌయింగ్, టు సో ది సీడ్స్ ఇన్ ఎ వెరీ నైస్ మేనర్, అండ్ దె విల్ ఆల్సో రీప్.' కలుపు తీయడం మాత్రం మరిచిపోయారు. కలుపంతా ఆ వాక్యంలోనే ఉంది మరి, బయట తీయడానికి ఏం మిగిలింది!

నేను నోరు మూసుకుని కూర్చోవలసింది అని తర్వాత చాలామంది అన్నారు. ఎందుకు మూసుకోవాలి? నేను లేచి, తెలుగులో మనం ఇట్లా అనం కదా సార్, నాలుగు పనులకూ చివర ఒకటే వస్తుంది కదా అని మాత్రం అడిగాను. గొంతు పెంచలేదు, చేతులు తిప్పలేదు. ఆయన ముఖం మాత్రం కందగడ్డ అయింది. ఆడపిల్లకు వ్యాకరణం ఎక్కువైందన్నారు. ఆ గంటంతా బెంచీ మీద నిలబెట్టారు. నిలబడ్డందుకు కాళ్ళు నొప్పి పుట్టలేదు గానీ, బోర్డు మీద ఆ కుంటి వాక్యాన్ని గంటసేపు చూడవలసి రావడం మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

సెలెక్షన్ పరీక్షలో నేను నాకు తెలిసినట్టే రాశాను. లెక్కలూ, తెలుగూ, సోషలూ బాగానే వచ్చాయి. ఇంగ్లీషులో మాత్రం తప్పించారు. పేపరు నిండా 'టూ షార్ట్' అన్న మాటే. ప్రోగ్రెస్ కార్డులో మాస్టరు గారు ఒక వాక్యం రాసి, నన్ను పెద్ద పరీక్షకు పంపేది లేదని చెప్పి, మా నాయనను పిలుచుకు రమ్మన్నారు.

అది నాట్ల కాలం. కాలువ నీటి వంతు వదిలేసి మా నాయన బస్సెక్కి వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో, కుర్చీ చూపించినా కూర్చోకుండా, కండువా చేతిలో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. ఆయనకు తెలుగు చదవడమూ, సంతకం చెయ్యడమూ వచ్చు, ఇంగ్లీషు రాదు. హెడ్మాస్టరు గారు రిటైరు కాబోతున్న పెద్దాయన, ఎవరితోనూ తగువు పెట్టుకోని మనిషి. మాస్టరు గారు కార్డు నా చేతిలో పెట్టి, నా గురించి ఏం రాశారో నా నోటితోనే మా నాయనకు తెలుగులో చెప్పమన్నారు. తండ్రి ముందు నన్ను సిగ్గుపడేట్టు చెయ్యాలని ఆయన ఎత్తు.

కార్డులో ఇట్లా ఉంది. 'షీ ఈజ్ ప్రౌడ్, టు టాక్ బ్యాక్ ఆల్సో, అండ్ నాట్ హావింగ్ ఒబీడియన్స్.' తెలుగులో చెప్పమన్నారు కదా, ఉన్నదున్నట్టే చెప్పాను.

"ఈ పిల్ల పొగరుబోతు, ఎదురు మాట్లాడడానికి కూడా, మరియు విధేయత లేకుండా ఉండి."

 మిగతాది కూడా చెబుతానేమోనని మా నాయన నా వైపు చూశాడు. తర్వాత మాస్టరు గారి వైపు తిరిగి, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"ఎదురు మాట్లాడేదానికి ఏంది అయివారూ? యాడికన్నా పోయిందా? మాట సగంలోనే నిలిచిపాయెనే."

హెడ్మాస్టరు గారికి నవ్వొచ్చింది. ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు తెచ్చుకున్నారు. మాస్టరు గారు మాత్రం చూశారా, చూశారా, ఇదీ ఈ పిల్ల వరస అని గదంతా దద్దరిల్లేట్టు అరిచారు. నేను తర్జుమాలో వంకర పెట్టానట. వంకర ఎక్కడుందో ఆ గదిలో నిజంగా ఇంగ్లీషు వచ్చిన ఇద్దరికీ తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రాయడం చేతకానివాడు చదివిన పిల్ల మీద పడ్డాడు.

హెడ్మాస్టరు గారు కార్డు తీసుకుని ఒకసారి చదివారు. మాస్టరు గారిని ఒక్క మాట అనలేదు. నా చేతికి కలం ఇచ్చి, ఈ వాక్యంలో తప్పుంటే దాని కిందే నువ్వు దిద్ది రాయి, నీకు ఇంగ్లీషు వచ్చో రాదో చూస్తానన్నారు. పెద్ద పరీక్షా, ట్రైనింగూ, మా నాయన ఆశా అన్నీ ఆ కలం ములుకు మీద నిలబడ్డాయి. ఆ పాత వాక్యం కిందే రాశాను.

'షీ ఈజ్ ప్రౌడ్, రూడ్ అండ్ డిసొబీడియంట్.'

మూడు గుణాలూ ఒకే రూపంలో వచ్చాయి. ఎక్కువ మాట ఒక్కటీ లేదు. హెడ్మాస్టరు గారు చదివి తలాడించారు. ఇంగ్లీషు వచ్చిన పిల్లే, పంపుదాం అన్నారు. మాస్టరు గారి పాత వాక్యాన్ని ఆయనే గీత పెట్టి కొట్టేశారు. నా వాక్యం కింద ఆఫీసు ముద్ర వేశారు. ఆ అభాండం ఇప్పుడు నా చేతిరాతతోనే కార్డులో నిలిచిపోయిందని అప్పుడు గానీ నాకు తట్టలేదు. వెంటనే అడిగాను.

"సార్, నాది కూడా కొట్టెయ్యండి సార్. నేను అట్లాంటిదాన్ని కాదు."

"ఎందుకమ్మా?" అన్నారాయన ఎంతో ప్రేమగా. "ఇప్పుడిందులో తప్పేమీ లేదుగా."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది. మాస్టరు గారి మీద ఉన్న కోపం ఏదో ఒకనాటికి చల్లారింది, ఆయనకు ఇంగ్లీషు తెలియదు, తెలియదని కూడా తెలియదు. హెడ్మాస్టరు గారికి అన్నీ తెలుసు. తెలిసీ, సాటి మాస్టరు పరువు కాపాడడానికి ఒక పిల్ల పరువు చాలనుకున్నారు. పైగా నాకు మేలు చేశాననుకున్నారు!

తండ్రి సంతకం కావాలని కార్డు మా నాయన ముందు పెట్టారు. ఆయన కలం పట్టుకుని, నా వైపు వంగి, నువ్వేం రాసినావో చెప్పు పాపా అని మెల్లగా అడిగాడు. పొగరుబోతునీ, మొరటుదాన్నీ, చెప్పినమాట విననిదాన్నీ అని చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఇది నువ్వు కాదే."

"కాదు నాయనా. సంతకం పెట్టు. పెడితేనే పంపుతారు."

ఆయన కార్డును బల్ల మీద సరిగ్గా సర్దుకున్నాడు. తర్వాత తెలుగులో, గుండ్రంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాడు. కండువా దులిపి భుజాన వేసుకుని, నాకంటే ముందు నడిచి బస్సెక్కాడు.

నేను పరీక్ష గట్టెక్కాను. ట్రైనింగూ అయింది, ఉద్యోగమూ వచ్చింది. వాక్యంలో వరస ఎట్లా కుదరాలో నా క్లాసు పిల్లలకు ఏటేటా చెప్పాను. ఉదాహరణ కోసం మాత్రం నాకు వెతుక్కునే పని ఉండేది కాదు, ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అభాండం మాస్టరు గారిది, ఇంగ్లీషు నాది, సంతకం మా నాయనది.