పరాయి చొక్కా

ఇస్త్రీ బండి నడిపే అతన్ని వీధిలో అందరూ మడతన్న అనేవారు. పేటలోని చొక్కాలన్నీ అతని చేతుల మీదుగా వెళ్ళేవే గానీ, ఒక్కటీ అతని ఒంటి మీదికి ఎక్కలేదు. ఆకలేస్తే అడిగి తిను, పరాయివాడి బట్ట మాత్రం తొడగకు అని పని నేర్పిన తండ్రి చెప్పిపోయాడు. మడతన్నకు ఉన్నవి రెండే చొక్కాలు. రెండింటికీ నిప్పురవ్వలు చేసిన చిల్లులు.

అతని భార్యకు గుండె కవాటం పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, ఆలస్యం చేయొద్దని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. పేదవాళ్ళకైతే ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుందని తెలిసి, మడతన్న ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. నిజంగా పేదవాళ్ళో కాదో ఇల్లు చూడ్డానికి మనిషి వస్తాడని చివరికి కబురొచ్చింది.

ఇక్కడే మొగుడూ పెళ్ళాం కొంప ముంచుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వం వాళ్ళ గడప తొక్కడం అదే మొదలు. ఆమె మంచం మీద నుంచే పురమాయించింది. పక్కింటి వదిన కుర్చీలిచ్చింది. ఎదురింటి నుంచి టేబుల్ ఫ్యానూ, మేడ మీద నుంచి పింగాణీ కప్పులూ వచ్చాయి. పెచ్చులూడిన గోడకు ఎవరిదో కర్టెన్ వేలాడింది. పై పటారం, లోన లొటారం అంటే అదే.

అన్నీ అమరాక మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏవయ్యా, ఆ చిల్లుల చొక్కాతోనే ఎదురెళ్తావా? మనకోసం వస్తున్న మనిషికి ఆమాత్రం మర్యాద చెయ్యొద్దూ?"

బండి మీద బ్యాంకు మేనేజరుగారి తెల్లచొక్కా మడతపెట్టి ఉంది. తండ్రి మాట గుర్తొచ్చి మడతన్న కాసేపు తటపటాయించాడు. భార్య అలా చూస్తూనే ఉంది. తొడుక్కున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నావంటూ ఆమె ఆయాసపడుతూనే నవ్వింది.

వచ్చిన ఉద్యోగి చెడ్డవాడేం కాదు. ఫ్యాను గాలికి చెమటార్చుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి, లేచి తన చేత్తో ఇచ్చిన టీ తాగాడు. చూసింది చూసినట్టు రాసుకుపోయాడు. ఈ ఇంటికి సాయం అక్కర్లేదట. అతన్ని తిట్టడానికి నోరు రాదు గానీ, ఆ వంటింటి డబ్బాల్లో ఒక్కదాని మూతైనా తీసి చూసుంటే బాగుండేది కదా!

మడతన్న మళ్ళీ ఆఫీసుకు పరిగెత్తాడు. కుర్చీలు అడిగి తెచ్చినవని, చొక్కా తనది కాదని మొత్తుకున్నాడు. గుమాస్తా పడీపడీ నవ్వాడు. లేనట్టు నటించేవాళ్ళను రోజూ చూస్తున్నాను గానీ, ఉన్నట్టు నటించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానన్నాడు. నవ్వడం అయ్యాక మరో అర్జీ పెట్టుకోమన్నాడు. అది బల్లలన్నీ దాటేలోగా వానలొచ్చాయి. వానలు ఆగకముందే ఆమె పోయింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఉద్యోగే మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీల్లేవు, కర్టెనూ లేదు. చిల్లుల చొక్కాతో మడతన్న గడపలో కూర్చుని ఉన్నాడు. ఉద్యోగి గోడల వంకా, ఖాళీ గది వంకా చూసి తృప్తిగా తలూపాడు.

"ఈసారి తప్పకుండా మంజూరవుతుంది. మొదట్లోనే ఉన్నది ఉన్నట్టు చూపించుంటే ఈ తిప్పలుండేవి కావు కదా, పెద్దాయనా! ఏరీ, మీ ఆవిడ?"

మడతన్న చెప్పాడు. ఉద్యోగి చేతిలోని పెన్ను ఆగిపోయింది. మడతన్న లేచి చాప దులిపి అతని కోసం పరిచాడు. పాపం, తప్పు తనదే అన్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"ఎప్పుడూ రానివాళ్ళు వస్తున్నారు కదండీ. చుట్టాలనుకున్నాం."