కాళ్లకు చెంబెడు నీళ్లు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. పోయిన శ్రావణంలో నేను గోరంట్ల పక్క పోయి వచ్చిన సంగతి చెప్తాను. నాకు వచ్చిన చదువు కొంచెమే, నాకొచ్చిన మాటల్లోనే చెప్తా.

మా చెల్లెలు రూతమ్మది గోరంట్ల నుంచి ఆటోలో అర్ధగంట పోతే వచ్చే పల్లె. వానలు లేక చెనిక్కాయ చేన్లు ఎండతాంటే, ఆ ఊరి ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిరిగినారు. ప్రతి గడపలోనూ ఆ కప్ప మీద నీళ్లు పొయ్యాల. అప్పుడే వాన వస్తాదని వాళ్ల నమ్మకం. రూతమ్మ పొయ్యలేదు. "నేను వాన అడిగేది ఏసయ్యనే" అనిందంట. వాన రాలేదు. ఆ తప్పు దాని మీద పడె. వీధి కొళాయి కాడికి రానియ్యలేదు, ఒకాయన దాని బిందె తన్నె, కూలికి ఎవరూ పిలవలేదు. నెల తిరక్కముందే దాని మొగుడు దానియేలు జొరమొచ్చి చనిపోతే ఊరి శ్మశానంలో జాగా ఇయ్యలేదు. అప్పుడు నేను కాలు బెణికి మంచంలో ఉంటి, పోలేకపోతి.

కాలు బాగయినాక దాన్ని మా ఇంటికి పిలుచుకొని వద్దామని బయల్దేరినా. దాని చీరలు పెట్టుకొనేకి ఖాళీ సంచి ఒకటి తీసుకున్నా.

శింగనమలలో ఆరు గంటల బస్సు. ఆడోళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సరి. ఏడుంబావుకు అనంతపురం. బస్టాండు బయట ఉగ్గాని, రెండు బజ్జీలు తిని ఎనిమిదికి హిందూపురం బస్సెక్కినా. పక్కన కూర్చున్న ముసలామె నా సంచి చూసి, "సంతకు పోతాండావా?" అనె.

"లేదమ్మా, చెల్లెల్ని తెచ్చుకొనేకి."

"సంచిలోనా?" అని బోసినోటితో నవ్వె. నేనూ నవ్వినా. ఆ పొద్దుకు అదే నవ్వు.

పెనుకొండలో బస్సు మారి గోరంట్ల చేరేసరికి పదకొండున్నర. ఆటో ఎక్కితే నడిపేవాడు అడిగె, "ఎవరింటికి పెద్దమ్మా?"

"రూతమ్మ ఇంటికప్పా."

"వాన నిలిపేసినామె ఇంటికా?"

"ఆమె చెయ్యెత్తితే నిలిచేకి వానేమన్నా నీ ఆటోనా నాయనా?" అంటి. ఆటోలో ఉన్న మిగతా ఇద్దరూ నవ్వినారు. వాడు నవ్వలేదు.

రూతమ్మ సగమైపోయింది. నన్ను చూస్తానే చెంబు నిండా నీళ్లు తెచ్చి కాళ్లకిచ్చె. ఎండన పడి వచ్చినా కదా, చెంబు మొత్తం కుమ్మరించుకున్నా. లోపలికి పోయి తాగేకి అడిగితే, బిందె పూర్తిగా వంచినా గ్లాసు నిండలేదు. నేను కాళ్లకు పోసుకునింది దాని సాయంత్రం నీళ్లు.

"యాడి నుంచి తెస్తాండావే?"

"ఖాదర్ సాబు తోటలో బోరు నుంచి. మైలున్నర. ఆయప్ప ఒక్కడే వద్దనడు."

గ్లాసు కింద పెట్టినా. "పోయి పెద్దమనుషుల కాళ్లు పట్టుకో. కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తే ఏసయ్య అలుగుతాడా?" అని అంటి.

"నువ్వూ అదే మాటనా అక్కా? ఎండన తిరిగే పిల్లోళ్లకు తాగేకి ఆ పొద్దు నేనే చెంబులు చెంబులు ఇస్తి. నీళ్లు బరువు కాదు. వాన ఇచ్చేది కప్ప అని నా చేత్తో చెప్పలేను. ఒక్కొక్కసారి నాకే అనుమానం వస్తాది, నిజంగా నా వల్లే రాలేదేమో అని. ఊరోళ్ల మాటల కంటే అది గట్టిగా కొడతాది. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటా."

"అయితే మా ఊరికన్నా రా."

నన్ను చేనుకు పిలుచుకొని పోయె. గట్టు వార రాళ్లు పేర్చిన సమాధి, రెండు కట్టెలు కట్టిన సిలువ. "మీ మరిది ఈడ ఒక్కడే ఉండాడు. ఏసయ్య వచ్చి లేపే దినాన లేచి చూస్తే తెలిసిన మొగం ఒకటన్నా ఉండాల కదక్కా."

మా ఊళ్లో ఆదివారం చర్చికి పోయి వచ్చేదానికి నాకు చెప్పులు అరిగింది తప్ప ఏమీ పోలేదు. సాయంత్రం అది ప్రార్థనలో వాన అడిగె. కొళాయి కాడ దాని బిందె తన్నినాయన చేనుకు గూడా అడిగె.

తెల్లారి అయిదుకు దానితో బోరుకు పోయినా. బిందెతో వచ్చేటప్పుడు నేను మూడుసార్లు నిలిచినా. అది నిలవలేదు.

ఏడుకు మళ్లీ ఆ ఆటోనే. "ఒక్కదానివే పోతాండావే?" అనె.

"రానంటాది."

"ప్రార్థనలో మమ్మల్ని శపిస్తాదంట కదా?"

"వాన అడుగుతాది నాయనా. దాని బిందె తన్నినాయన చేనుకు గూడా."

వాడు ఆటో మెల్లగా పోనిచ్చె. తర్వాత చిన్నగా, "కప్పను మోసిన దినం మా పాప తాగింది ఆమె ఇచ్చిన నీళ్లే. ఆ మాట ఊళ్లో చెప్పలేను పెద్దమ్మా. నేనూ ఆడ బతకాల" అనె.

పెనుకొండ, అనంతపురం, శింగనమల. వచ్చిన దోవనే వచ్చినా, చేన్ల మీద ఆకు ముడుచుకొనే ఉండాది. సంచిలో రూతమ్మ పెట్టిన నాలుగు సీతాఫలాలు, ఇంకా పచ్చివి. "బియ్యంలో పెట్టు, పండుతాయి" అనింది.

ఒంటిగంటకు ఇల్లు చేరితే కోడలు బకెట్టు నిండా నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కో అత్తా" అనె. వాకిట్లో కొళాయి కారతా ఉండాది. ముందు దాన్ని కట్టేసినా. దోసెడు నీళ్లతో పాదాలు తడుపుకొని బకెట్టు లోపలికి పంపినా.

రూతమ్మ ఇంకా ఆడనే ఉండాది, నీళ్లు మోసుకుంటా. విన్న తల్లులారా, మీ ఇంటికి వచ్చినోళ్ల కాళ్లకు చెంబెడు నీళ్లు ఎప్పటికీ కరువు కాకుండా దేవుడు మీ గడపను కాచుకోనీ.