మస్తాన్ వలీ కాఫీ కొలతలు

అరబ్బుల కాఫీ పేరెత్తగానే పెదవి విరిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాలుండవు, చక్కెర ఉండదు, గుక్కెడు నీళ్ళు, దానికేం పనితనం కావాలంటారు. వాళ్ళెవరూ మస్తాన్ వలీ కాఫీ తాగలేదు.

మస్తాన్ వలీది రాయచోటి. నా పేరు భోజన్న, నాది నిర్మల్ దగ్గర పల్లె. సౌదీలోని యాన్బులో, మాకు వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని, మా కఫీల్ అబూ సాలెహ్ ఇంట్లో నేను కరెంటు పని, నల్లాల పని, చెప్పిన పనల్లా చేసేవాణ్ణి. అతను మాత్రం కాఫీ ఒక్కటే కాచేవాడు. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో బొగ్గుల పొయ్యి ముందు అతని చోటు. గింజలు వేయించి, దంచి, ముక్కు పొడుగు దల్లాలో మరిగించి, యాలకులు వేసి, పిడిలేని చిన్న ఫింజాన్‌లో అడుగు తడిసేంత పోసి అందించేవాడు.

1991 జనవరిలో రియాద్ మీద ఇరాక్ స్కడ్ క్షిపణులు పడటం మొదలైంది. కఫీల్ బంధువు అబూ రాకాన్ పెళ్ళాం పిల్లలతో మా ఇంటికొచ్చి దిగాడు. మా ఇంట్లో గింజను ఎర్రగా వేయించేవాళ్ళం. రియాద్ వాళ్ళకు అది వెగటు. పచ్చి వాసన పోతే చాలు, గింజ వేరుశనగ పప్పు రంగులో ఉండగానే దించేయాలి. అబూ రాకాన్ తన గింజల సంచి ఇచ్చి అలాగే చేయమన్నాడు. మస్తాన్ వలీ అలాగే వేయించి, అలవాటు కొద్దీ దల్లాకు మూడు చెంచాల పొడే వేశాడు.

"ఇది కాఫీనా, ఫింజాన్ కడిగిన నీళ్ళా?" అన్నాడు అబూ రాకాన్ ఒక గుక్క తాగి. మజ్లిస్ అంతా నవ్వింది. మస్తాన్ వలీ ముఖం కందిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు వంటింట్లో అతను కాచిందల్లా రుచి చూడాల్సినవాణ్ణి నేనే అయ్యాను.

"భోజన్నా, ఎర్రగా ఏగిన గింజ ఊరికే లొంగుతాది. లేతగా ఏగింది మొండిది. దానికి పొడి ఎక్కువ పడల్ల, నిప్పు తక్కువుండల్ల, శానా సేపు మరగల్ల."

"నీ గింజలు పాడుగాను, నాకు కడుపుల మంట లేస్తున్నది భాయ్!"

చివరికి కొలత కుదిరింది. లేత గింజకు దల్లాకు ఐదు చెంచాలు, సన్నని సెగ మీద నీళ్ళు కొంచెం ఇగిరేదాకా మరగాలి. ఇంటివాళ్ళ ఎర్ర గింజకు ఆ మూడు చెంచాలే, నురగ పొంగగానే దించాలి. ఎవరైనా నల్లగా మాడ్చిన గింజ అడిగితే రెండే. అది కాస్త ఎక్కువసేపు పొయ్యి మీద ఉన్నా చేదు విషమవుతుంది. మరుసటి రోజు అబూ రాకాన్ వరసగా మూడు ఫింజాన్‌లు తాగి, అతని పేరడిగి, ఊరడిగి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఆదరణ చూసి నేను కూడా సంబరపడ్డాను. నా తెలివి అంతే ఏడ్చింది.

మస్తాన్ వలీకి కావాల్సింది ఒక్కటే, ఇంటికి వెళ్ళడం. బద్రున్నీసాను నిఖా చేసుకున్న మూడు నెలలకే విమానమెక్కాడు. నాలుగేళ్ళయింది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండేది. సెలవడిగితే వచ్చే నెల అనేవాడు. ఇప్పుడు, ఇంటినిండా చుట్టాలుండగా కాఫీ ఎవరు కాస్తారన్నాడు. ఇంతలో బద్రున్నీసా అన్నలు ఒక క్యాసెట్ పంపారు. ఈ రంజాన్‌కు రాకపోతే ఖాజీతో చెప్పి తెగదెంపులు చేయించి, చెల్లెల్ని ఇంకొకరికి ఇస్తామన్నారు. చివర్లో ఆమె గొంతు వినిపించింది. "నేనెంత చెప్పినా వినడం లేదు. మీరు రండి." రంజాన్ మార్చి నడుమ వచ్చింది ఆ ఏడాది.

మస్తాన్ వలీ సంగతంతా అబూ రాకాన్‌తో చెప్పుకున్నాడు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నేను బయల్దేరే రోజు ఫింజాన్ కింద పెడతాను," అన్నాడు.

ఆ మాటకు అక్కడ బరువెక్కువ. అతిథికి ఏదైనా కోరిక ఉంటే కాఫీ తాగకుండా ఫింజాన్ ముందు పెట్టి కూర్చుంటాడు. ఇంటాయన "తాగు, నువ్వడిగింది ఇచ్చాను" అన్నాకే తాగుతాడు. కాదంటే ఆ ఇంటి పరువు పోతుంది. ఇంకేముంది, మస్తాన్ వలీ పెట్టె సర్దుకున్నాడు.

యుద్ధం ఆగింది. అబూ రాకాన్ రియాద్ ప్రయాణం రోజు మస్తాన్ వలీ కాచిన కాఫీ వాసన వాకిట్లోకి వచ్చింది. నేను బొగ్గులు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి అబూ రాకాన్ ఫింజాన్ అందుకుని, తాగకుండా ముందున్న చాప మీద పెట్టాడు.

"ఏం కావాలో అడుగు," అన్నాడు కఫీల్.

"పోయినేడు యెమెనీలందరితో పాటు నా కాఫీవాడూ దేశం వదిలి వెళ్ళిపోయాడు. ఇతన్ని నాకివ్వు."

కఫీల్ మస్తాన్ వలీ వైపు తిరిగి కూడా చూడలేదు.

"తాగు. ఇచ్చేశాను."

చల్లారిన కాఫీ పారబోసి అబూ రాకాన్ ఫింజాన్ చాపాడు. పోయాల్సింది మస్తాన్ వలీయే. పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. ఆ దల్లా ఆయన ఒళ్ళో కుమ్మరించి ఉంటే ఎంత బాగుండేదో అని నాకిప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

వంటింట్లోకి రాగానే నేను అరిచాను. "నోరెందుకు తెరువలేదే? గొర్రెను ఇచ్చినట్టు ఇచ్చిండు గదా నిన్ను!"

"నమ్మితి గదప్పా," అన్నాడు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "నా నోటితో నేనే చెప్పుకుంటి గదా ఆయప్పకు, అంతా."

కారు దగ్గర మస్తాన్ వలీ అడిగితే, రియాద్ వెళ్ళాక తనే పంపిస్తానని అబూ రాకాన్ భుజం తట్టాడట. కాగితాలు ఆయన పేరు మీదికి మారేసరికే రంజాన్ వెళ్ళిపోయింది, బక్రీద్ కూడా వెళ్ళిపోయింది.

రెండేళ్ళ తర్వాత కఫీల్‌తో పాటు ఒక పెళ్ళికి రియాద్ వెళ్ళాను. అబూ రాకాన్ మజ్లిస్ కిటకిటలాడుతోంది. మస్తాన్ వలీ చిక్కిపోయాడు, గడ్డం పెంచాడు. అందరికీ పోయడం అయ్యాక అబూ రాకాన్ అతన్ని పిలిచి, ముద్ర వేయించిన పాస్‌పోర్టూ విమానం టికెట్టూ చేతిలో పెట్టాడు.

"మూడు నెలలు వెళ్ళి నీ భార్యను చూసి రా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన మంచితనాన్ని తెగ పొగిడారు. మా కఫీల్ కూడా.

"ఆమె ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంది," అన్నాడు మస్తాన్ వలీ అరబ్బీలో, మెల్లగా. "ఇంకొకరి భార్య."

అబూ రాకాన్ నిజంగానే నొచ్చుకున్నాడు. నటన కాదు, నేను ఆ ముఖం చూశాను.

"అయ్యో, ఇలా ఉందని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను," అన్నాడు మస్తాన్ వలీ.