పెన్‌డ్రైవ్‌లో రాజుగారి గొంతు

ఎనిమిదో తరగతితో ఆగిన నా చదువును మా ఊరి శాఖా గ్రంథాలయమే ముందుకు నడిపింది. నాటకం మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. జనం ‘వన్స్‌మోర్’ అంటే పద్యం మళ్లీ పాడటం నటుడికి దక్కే గౌరవమని వాటిలో చదివి అందరికీ చెప్పేవాణ్ణి. కుప్పంలో చూసింది మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. అందుకే రాసిపెడుతున్నాను.

పాత పద్యనాటకాలు ఆడే ఒక సమాజం మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో వరసగా ప్రదర్శనలు పెట్టింది. మూడూ చూడాలని సెలవు పెట్టి, మధ్యాహ్నం వాల్మీకిపురంలో బస్సెక్కాను. మదనపల్లెలో రాజు వేషం గంగులప్పది. అరవై దాటిన మనిషి. పై శ్రుతిలో పద్యం అందుకుంటే హాలు చివరివాళ్లు కూడా వక్క నమలడం ఆపేశారు. వన్స్‌మోర్ అన్నారు, పాడాడు. మర్నాడు పుంగనూరులో మళ్లీ మళ్లీ అడిగారు. చివరికి గొంతు చీలింది.

కుప్పానికి పలమనేరులో బస్సు మారాలి. సమాజం వ్యాను సామాన్లతో నిండిపోయిందని గంగులప్ప కూడా బస్సుకే వచ్చాడు. పక్కన కూర్చున్నాను. చేతిలో మిరియాల కషాయం ఫ్లాస్కు. సమాజం నడిపే సరోజమ్మ ఈసారి పద్యాలకు రికార్డు పెడతానందట. పాత ప్రదర్శన పద్యాలన్నీ వరసగా ఆయన పాత గొంతుతో సహా పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, పెదవులు కదిలిస్తే చాలు. కుప్పంలో కుదిరితే ఇక అన్ని ఊళ్లలోనూ అంతే.

“శ్రుతి తగ్గించి పాడొచ్చు కదన్నా?” అన్నాను.

“తగ్గిస్తే గంగులప్ప పనైపోయిందంటారు. రికార్డయితే ఎవురికీ తెలీదు.” ఫ్లాస్కు మూత బిగించి, “నాకు తెలుస్తాది,” అని కిటికీ వైపు తిరిగాడు.

పలమనేరులో ఇడ్లీ తిన్నాం. ఆయన కారం ముట్టలేదు. కుప్పంలో మా పెద్దమ్మ ఎస్తేరమ్మ ఇంట్లో దిగి, సాయంత్రం ఆరున్నరకు ఆమెతో కలిసి హాలుకెళ్లాను.

రాజ్యం పోగొట్టుకున్న రాజు పద్యం ఘనంగా వినబడింది. హాలంతా వన్స్‌మోర్! ఈ సంగతి సమాజంలో ఎవరూ ఆలోచించలేదు. రికార్డు ఆగకుండా రాణి పద్యంలోకి పోయింది. రాణి వేషం వేసిన సరోజమ్మ ఇంకా తెర పక్కనే ఉంది. వేదిక మీద రాజొక్కడే, ఆడగొంతుతో.

“ఏమప్పా రాజా, నీ గొంతు యాడ పెట్టొచ్చినావు?” అన్నాడెవరో. జనం గొల్లుమన్నారు.

గంగులప్ప చెయ్యెత్తి రికార్డు ఆపించాడు. కింది శ్రుతి ఇమ్మని హార్మోనియం మనిషికి సైగ చేసి, అదే పద్యం తనే పాడాడు. గొంతు అక్కడక్కడా జీరపోయింది. ఆ రాజు ఏం పోగొట్టుకున్నాడో మూడు ఊళ్లలో చూసినా నాకు అప్పుడే అర్థమైంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. నేను అలవాటుగా నోరు తెరవబోతే ఎస్తేరమ్మ నా మోకాలి మీద చెయ్యేసింది.

“ఉండప్పా. ఆయప్ప అలిసిపోయి ఉండాడు.”

హాల్లో ఎవరూ మళ్లీ అడగలేదు.

పొద్దున తిరుగు బస్సుకు వెళ్తే బస్టాండు దగ్గర సరోజమ్మ టీ తాగుతోంది. పెన్‌డ్రైవ్ సంగతి అడిగాను.

“ఇంట్లో పెట్టుకోని ఇనుకుంటా. స్టేజీ మీద ఆయన ఏ శ్రుతిలో పాడితే అదే,” అంది.

పలమనేరు దాటేదాకా ఆ కింది శ్రుతే నా చెవుల్లో ఉంది. పుస్తకాలిచ్చిన గ్రంథపాలకురాలు జయమ్మకు, సెలవిచ్చిన మా యజమాని రమణయ్యకు, తెరవెనక మాట చెప్పిన గంగులప్పకు, సరోజమ్మకు, అన్నం పెట్టి నా నోరు మూయించిన ఎస్తేరమ్మకు నా నమస్కారాలు. పేర్లు తెలియని కుప్పం ప్రేక్షకులకు కూడా, ఆ పద్యం మళ్లీ అడగనందుకు.