వంద మణుగుల రాయి

నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీ గోడలకు వెల్ల వేయించడానికి నిన్న తొట్టిలో సున్నం పోసి నీళ్లు వదిలారు. కుతకుతా ఉడికి లేచిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే రెంటచింతల ఎండా, ఊరి బయట సున్నపు బట్టీ, దాని ముందు పొక్కులెక్కిన మా నాన్న వీపూ గుర్తొచ్చాయి. బాల్యం తియ్యనిదని రాసేవాళ్లతో నాకు పేచీ. మా నోళ్లలో ఉన్నది సున్నపు దుమ్మే.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పేర్చి రోజుల తరబడి కాల్చి, చల్లారాక అమ్మ తెచ్చిన జొన్న సంగటీ గోంగూర పచ్చడీ తింటూనే, నాన్న ఒక్కో రాయినీ ఎడమ చేత్తో ఎత్తి చూసేవాడు. తేలిగ్గా ఉంటే కాలినట్టు, బరువుంటే లోపల పచ్చి.

మిషన్ బోర్డింగులో చదువుతున్న నేను ఆ వేసవికి ఇంటికొచ్చాను. పదమూడేళ్లు, నోరు మాత్రం ముప్పై ఏళ్లది.

"ఏమే, బట్టీకి పనికొచ్చేది ఏమన్నా చెప్పారా మీ బళ్లో?" అన్నాడు బట్టీ యజమాని, వేళాకోళంగా.

"వంద మణుగుల రాయి కాలిస్తే యాభై ఆరు మణుగుల సున్నం రావాల," అన్నాను.

ఆయన నవ్వలేదు. తర్వాతి బట్టీకి రాయినీ, దిగిన సున్నాన్నీ తూకం వేయించాడు. వందకు నలభై ఎనిమిదే తేలింది.

"మిగతా ఎనిమిది ఎటుబోయిందిరా? నీ కూతురే చెప్పిందిగా."

"రాయిలో మట్టుంటదయ్యా. పచ్చివి ఏరి పారేశాం," అన్నాడు నాన్న.

"పుస్తకం కన్నా నీకెక్కువ తెలుసా?"

నాన్న నా వంక చూశాడు. ప్రతిదానికీ వాదించే నేను, పుస్తకానికి ఎదురు చెప్పలేక నోరు మూసుకున్నాను. దొంగని పేరు పడ్డాక ఏ బట్టీ వాళ్లూ రానివ్వలేదు. వెల్దుర్తి వైపు రాళ్లు కొట్టడానికి పోయి, రెండో వేసవిలో వడదెబ్బకు పోయాడు. మధ్యలో ఒక్కసారే అడిగాడు:

"ఆ లెక్క రాసినాయన ఏ రాయి కాల్చాడమ్మా?"

ఏ రాయీ కాల్చలేదు. కాలేజీలో చేరాక తెలిసింది. రాయిలోని వాయువు పోగా మిగిలే ఆ యాభై ఆరు అనేది సైద్ధాంతిక దిగుబడి, కాగితం మీది లెక్క. పిసరంత మట్టి లేని రాయి, లోపలిదాకా కాలి, చిటికెడు పొడి కూడా నేల పాలుకాకపోతే వచ్చేది. అంతకు మించి రాదనే హద్దు అది. అంతా వచ్చి తీరాలనే హుకుం కాదు. నేనన్న 'రావాల'లోనే తప్పంతా ఉంది.

ఇప్పుడా బట్టీ లేదు, ఆ చోట కంపచెట్లు లేచాయి. యజమానీ పోయాడు, కాటా పట్టినవాళ్లూ పోయారు. మా నాన్న దొంగ కాడని బోర్డు మీద లెక్కగట్టి చూపగలను, వినవలసినవాళ్లెవరూ మిగల్లేదు.