నిమ్మకాయ కట్టని చంద్రిక

నిన్న చిక్కబళ్ళాపురంలో ఒక హోటలు గోడకు అలంకారంగా చంద్రిక తగిలించారు. పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్ట అది. పురుగులు పెంచే ఇళ్ళలో పెరిగినవాళ్ళారా, గుర్తుందా? ఆ పచ్చి మల్బరీ ఆకు వాసన, వాన కురిసినట్టు పురుగులు ఆకు మేసే చప్పుడు?

మా ఊరు దిబ్బూరహళ్ళిలో అందరూ చంద్రికలకు దిష్టి నిమ్మకాయ కట్టేవాళ్ళు. ఏసును నమ్మిన మా అమ్మ మాత్రం కట్టేది కాదు. ఒక పంటలో సున్నకట్టు రోగం తగిలి పురుగులన్నీ తెల్లగా గట్టిపడి చచ్చాయి.

పెదనాయన గడపలో నిలబడి అడిగాడు. "ఏమ్మా, మీ దేవుని కొడుకు యాడ పోయినాడు?"

అమ్మ చచ్చిన పురుగులను చాటలోకి ఎత్తుతూనే జవాబిచ్చింది. "గాలీ సముద్రమూ ఆయన మాట విన్యాయి బావా. సమాధి కూడా ఆయన్ని పట్టి పెట్టల్యాకపాయ. నా పంట పోతే ఆయన అధికారం పోతాదా? ఆయన నా పురుగులకు కావిలోడు కాదు, నాకు దేవుడు."

మరుసటి పంటకు పెదనాయనే ఒక నిమ్మకాయ పట్టుకొచ్చాడు. అమ్మ దాన్ని అందుకుని, రెండు చెక్కలుగా కోసి, చక్కెర నీళ్ళలో పిండి ఆయన చేతికే ఇచ్చింది.

"తాగు బావా. ఎండలో వచ్చినావు."